ఎడమ ముందు చక్రం

పొలాల నుంచి కూలీలను దింపి వచ్చిన పికప్ బండిని సాయంత్రం అయిదింటికి కడగడం నిరోష పని. ఆ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒకరోజు బకెట్టు అందుకుంది, అంతే, ఆరేళ్లుగా అది ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆ రోజు కూడా కొంగు నడుముకు చెక్కుకుని, టైర్లకు పట్టిన రేగడి మట్టిని పుల్లతో గీకి, ఎడమ పక్క ముందు చక్రం మీద చెంబెడు నీళ్లు గుమ్మరించింది. పెనం మీద పడ్డట్టు నీళ్లు చుయ్యిమన్నాయి. ఆవిరి ఆమె ముఖానికి కొట్టింది.

కుడి చక్రం దగ్గరికి వెళ్లి అక్కడా ఒక చెంబు పోసింది. అక్కడ నీళ్లు బుద్ధిగా కారిపోయాయి. మళ్లీ ఎడమ పక్కకు వచ్చి గొంతుక్కూర్చుంది. కుడి రిమ్ము మట్టి రంగులో ఉంటే ఎడమ రిమ్ము మసి పూసినట్టుంది. బ్రేకు ప్యాడ్లు అరిగి రాలిన పొడి అది. మాడు వాసన కూడా వస్తోంది. అంటే బండి తోలే భర్త రాఘవేందర్ బ్రేకు మీది నుంచి కాలు తీసినా ఈ చక్రాన్ని మాత్రం బ్రేకు వదలడం లేదు, పొద్దంతా పట్టుకునే ఉంటోంది. ప్యాడ్లను అదిమి పట్టే కాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుని ఉండాలి. లేదా లోపలి పిస్టన్ వెనక్కు రావడం మానేసి ఉండాలి. అదీ కాకపోతే కాలిపర్‌కు బ్రేకు ఆయిల్ తెచ్చే రబ్బరు పైపు లోపల ఉబ్బి ఉండాలి. ఈ మూడింట్లో ఏదో తేల్చడానికి ఒక జాకీ, ఒక పానా, బ్రేకు తొక్కడానికి ఒక మనిషి చాలు. చెంబు కింద పెట్టేలోపే ఇదంతా ఆమె మనసులో గిర్రున తిరిగిపోయింది. ఆ వెంటనే సిగ్గేసింది. నలుగురిలో నోరు జారి బూతుమాట అన్నట్టు చుట్టూ చూసుకుంది. ఎవరూ లేరు.

ఆమె తండ్రి మద్దిలేటికి పెబ్బేరులో లారీ బ్రేకుల షెడ్డు ఉండేది. మగపిల్లలు లేరు. బ్రేకుల్లో గాలి తీయాలంటే కింద పానా పట్టుకుని ఒకరు, పైన పెడలు తొక్కుతూ ఒకరు ఉండాలి. పదో ఏటి నుంచి పెళ్లి దాకా ఆ పైన ఉన్న మనిషి నిరోషే. బడి నుంచి వచ్చి సంచీ మేకుకు తగిలించి లారీ ఎక్కేది. చక్రం వేడి చూసి జబ్బు చెప్పడం నేర్చుకుంది. పెళ్లిచూపుల ముందు రోజు తల్లి నిమ్మచెక్క పెట్టి ఆమె గోళ్ల సందులు రక్తం వచ్చేదాకా తోమింది. మర్నాడు తండ్రి పెళ్లివారి ముందు, మా పిల్ల షెడ్డు ముఖమే చూడలేదని చెప్పాడు. అబద్ధం ఆడింది ఆయన, తల దించుకున్నది ఈమె. అప్పటి నుంచి తనకు తెలిసిన విద్య తనకే దొంగసొమ్ములా అనిపిస్తుంది.

ఒకసారి నోరు జారింది కూడా. పెళ్లయిన ఏడాదికి, బండికి గేరు పడక రాఘవేందర్, అతని స్నేహితులు నలుగురు వాకిట్లో తలలు పట్టుకుని ఉంటే, చాయ్ ఇవ్వడానికి వచ్చిన నిరోష క్లచ్ ప్లేటు అయిపోయిందేమో అంది. అదే అయింది. స్నేహితుల్లో ఒకడు నవ్వి, ఇంట్లోనే మేస్త్రి ఉండగా మాకు ఫోను ఎందుకు చేశావురా అన్నాడు. రాఘవేందర్ కూడా నవ్వాడు. ఆ నవ్వు వాళ్లు గేటు దాటేదాకే. తర్వాత నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అయిదో రోజు కంచం ముందు కూర్చుని, "మీ నాయిన షెడ్డును మా వాకిట్లకు తేకు, నా ఇజ్జత్ పోతది" అన్నాడు. అంత తేలికగా పోయే ఇజ్జత్ ఎందుకని ఎవరైనా అడిగి ఉండాల్సింది. నిరోష అడగలేదు. తప్పు తనదేనని నిజంగానే అనుకుంది. కూరలో ఉప్పు ఎక్కువైనా మాట ఎక్కువైనా ఆ ఇంట్లో ఆమె ముఖం ఒకేలా మాడిపోయేది.

అయినా చక్రం సంగతి చెప్పేసేదేమో. చెప్పకపోవడానికి ఇంకొకటి అడ్డం వచ్చింది. ఆ రోజు ఆమెకు నెలసరి రెండో రోజు. అత్త జమ్ములమ్మ ఇంట్లో ఆ మూడు రోజులు కోడలు బయట ఉండాలి. అంటే పెద్ద శిక్షేం కాదు, వసారాలో ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. వంటింట్లోకి రాకూడదు, పచ్చడి జాడీ ముట్టకూడదు, అన్నింటికంటే ముఖ్యంగా బండి మీద చెయ్యి పడకూడదు. బండి ఇంటి లక్ష్మి. పద్నాలుగేళ్ల పాతది, ముగ్గురి చేతులు మారి వచ్చింది, రేకు అక్కడక్కడ చిల్లులు పడింది, అయినా లక్ష్మే. తెల్లవారితే జమ్ములమ్మ దానికి ఊదుబత్తి తిప్పి, బంపరుకు బొట్టు పెట్టి గానీ కదలనివ్వదు. మురికి బండికి బొట్టు పెట్టదు. మరి ఆ మూడు రోజులు బండి కడిగేదెవరు? రాఘవేందర్‌కు నడుం నొప్పి. అందుకని అతనే ఒక ఉపాయం చెప్పాడు. సాయంత్రం జమ్ములమ్మ పాల క్యాను తీసుకుని కేంద్రానికి వెళ్లి వచ్చేలోపు గంట సమయం ఉంటుంది కదా, ఆ గంటలో కడిగేస్తే ఎవరికి తెలుస్తుంది? "స్టీరింగు దిక్కు పోకు. చక్రాలకు ఏమంటది?" అన్నాడు. అంటుకు బంపరు దాకా హద్దు గీసిన మహానుభావుడు!

అలా ఆరేళ్లు. పాలు పోసి వచ్చిన జమ్ములమ్మ తళతళలాడే బండిని చూసి, పొద్దంతా తోలి వచ్చి కూడా నా కొడుకు ఎంత కష్టపడతాడో అని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది. వసారాలో చాప మీద కూర్చుని, తడిసిన చీర అంచు కాళ్ల కిందికి దోపుకుంటూ నిరోష ఆ మాట వినేది. వినీ వినీ, నెలకు మూడు రోజులు తాను దొంగనన్న మాట కూడా నమ్మేసింది. ఇప్పుడు చక్రం కాలుతోందని చెబితే, నీకెలా తెలుసని అడుగుతారు. నీళ్లు పోశానంటే, ఎప్పుడు పోశావని అడుగుతారు. ఆమె మిగిలిన మూడు చక్రాలూ కడిగి, బకెట్టు బోర్లించి, చాప మీద కూర్చుంది.

రెండు రోజుల తర్వాత రాఘవేందర్‌కే తెలిసింది, బ్రేకు వేస్తే బండి ఎడమకు గుంజుతోందని. గద్వాల నుంచి మాసయ్యను పిలిపించాడు. మాసయ్య నెమ్మదైన మనిషి, పని దొంగ కాదు. ప్యాడ్లు మార్చాడు, పిన్నులు తీసి రుద్ది గ్రీజు పెట్టాడు, పిస్టన్ వెనక్కు నెట్టి చూస్తే అదీ కదిలింది. రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ గుంజింది. మాసయ్య వచ్చి తల గోక్కుని, కాలిపర్ మొత్తం మార్చాలి, ఈ పాత బండికి ఇక్కడ దొరకదు, హైదరాబాద్ నుంచి రావాలి, అప్పటిదాకా మెల్లగా తోలుకో అని చెప్పాడు.

పిన్నులు బాగున్నాయి, పిస్టన్ కదులుతోంది. మరి ఇంకేం మిగిలింది? ఆ పూట జొన్నరొట్టె వడ్డిస్తూ నిరోష గొంతు సవరించుకుంది. "పైపు చూసిండా?" అంది. రాఘవేందర్ ఫోనులోంచి తల ఎత్తి, "ఏ పైపు?" అన్నాడు. అతని కనుబొమలు కొద్దిగా లేచాయి. అంతే, ఆ కొద్ది చాలు. "ఏం లేదు, నీళ్ల పైపు" అని ఆమె ఇంకో రొట్టె వేసింది. తర్వాత పొయ్యి ముందు కూర్చుని తనను తాను చాలా తిట్టుకుంది. పిరికిదానా అని కాదు, అసలెందుకు నోరు తెరిచావని.

ఆ బండిలో రోజూ పాతికమంది ఆడవాళ్లు ఎక్కుతారు. మల్దకల్ చుట్టుపక్కల సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్తారు. పొద్దున పూలు విచ్చుకున్న వేళకే మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేత్తో అద్దాలి. ఎండ ముదిరితే పువ్వు పనికిరాదు. అందుకని బండి ఒక్క నిమిషం ఆలస్యమైనా చేల యజమాని సేటు ఊరుకోడు, రాఘవేందర్ మెల్లగా తోలడు. దారిలో రెండు మైళ్లు కాలువ గట్టు. పోయేటప్పుడు కాలువ ఎడమ పక్కనే ఉంటుంది. నిరోషకు ఈ సంగతి తెలియక కాదు. తెలిసే, ఇంట్లో గిన్నెలు తోముతూ, ఏడున్నర అయిందంటే గట్టు దాటి ఉంటారని లెక్క వేసుకుని ఊపిరి వదిలేది. చక్రం కాలడం చూసిన రోజు నుంచి వారం రోజులు అలా ఊపిరి వదులుతూ బతికింది.

ఎనిమిదో రోజు గట్టు మీద బర్రె అడ్డం వచ్చింది. రాఘవేందర్ బ్రేకు తొక్కాడు. బండి విసురుగా ఎడమకు తిరిగి, ముందు చక్రం గట్టు అంచు దిగి, తుమ్మ మొద్దుకు తట్టుకుని ఆగింది. మొద్దు లేకపోతే నీళ్లే. వెనక నిలబడ్డ ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. వాళ్లందరినీ కూడగట్టి పనికి తీసుకెళ్లే శంకరమ్మ రేకుకు కొట్టుకుని కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆ వయసులో, ఆ చెయ్యి. పువ్వు మీద పుప్పొడి అద్దేది ఆ వేళ్లతోనే. దవాఖానలో కట్టు కట్టించుకుని శంకరమ్మ నేరుగా వీళ్ల వాకిట్లోకే వచ్చింది, వెంట పదిమంది ఆడవాళ్లు. తిట్టడానికి రాలేదు, ఏమైందో తెలుసుకుందామని వచ్చారు. నిరోష నీళ్లు ఇస్తూ ఆ కట్టు వంక చూడలేకపోయింది. నేను చెప్పి ఉంటే, అనుకుంటూనే చెంబు మళ్లీ నింపింది.

జమ్ములమ్మకు కారణం వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. ముందు బండికి దిష్టి తగిలిందంది. తర్వాత కోడలి వైపు చూసి వేళ్ల మీద రోజులు లెక్క పెట్టింది. "నువ్వు బైటున్నప్పుడు బండి దిక్కు పోయినవా?" అని అడిగింది. నిరోష చెంబు పట్టుకుని రాఘవేందర్ వైపు చూసింది. అతను చెప్పొచ్చు. నేనే కడగమన్నాను అనే ఒక్క మాట. అతను గోడకు ఆనుకుని, కూలీల ముఖాలు, తల్లి ముఖం చూసి, తొందరగా తేల్చుకున్నాడు.

"దీనికి తెలివి లేదమ్మా. వద్దన్నా ఇనదు. ముట్టుల బండి కడిగింది."

నిరోష ముఖం, చెవులు, మెడ ఒక్కసారిగా కాలిపోయాయి. పదిమంది ముందు కట్టుకున్న చీర జారిపోయినట్టే అనిపించింది. విచిత్రం ఏమిటంటే, ఆ క్షణంలో కూడా ఆమెకు అతని మీద కోపం రాలేదు. ఆ పదిమంది ఇప్పుడు తన నెలసరి తేదీ లెక్క పెట్టుకుంటున్నారే అన్న సిగ్గే వచ్చింది. కోపం రావడానికి మనిషికి కొంచెం చోటు కావాలి, ఆమె దగ్గర అంత చోటు లేదు.

శుక్రవారం తలస్నానం చేసి, బండికి కొబ్బరికాయ కొట్టి, నలుగురి ముందు తప్పయిందని మొక్కాలని జమ్ములమ్మ తీర్మానించింది. వంటింట్లోకి వచ్చి రాఘవేందర్ గొంతు తగ్గించి బతిమాలాడు. "జర ఓర్చుకో. అమ్మ సంగతి ఎరికే గద. ఒక్క కొబ్బరికాయతోటి పోతది." పోయేది ఏమిటో, ఎవరిదో అతను చెప్పలేదు. నిరోష తల ఊపింది. తల ఊపడం ఆమెకు బాగా అలవాటైన పని.

శుక్రవారం పొద్దున్నే ఆడవాళ్లు సద్ది డబ్బాలతో వాకిట్లో చేరారు. చెయ్యి మెడకు కట్టుకుని శంకరమ్మ కూడా వచ్చింది, పని చేయలేకపోయినా తన మనుషులను పంపాలి కదా. బండికి చెయ్యి పెట్టినవాడని మాసయ్యను కూడా పిలిచింది జమ్ములమ్మ. రాఘవేందర్ గద్వాల వెళ్లి డీజిలు పోయించుకుని అప్పుడే వచ్చాడు. తడి జుట్టు వీపు మీద కారుతుండగా నిరోష బండి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తప్పయింది" అంది. వినపడలేదంది అత్త. మళ్లీ అంది. మూడోసారి బంపరుకు నుదురు ఆనించి అంది. ఎడమ చక్రం నుంచి మాడు వాసన వస్తూనే ఉంది. తన తప్పు ఏమిటో ఆ వాసన ఆమె ముక్కు దగ్గరే చెబుతోంది. తను మొక్కుతున్న తప్పు మాత్రం అది కాదు.

లేచి నిలబడేసరికి జమ్ములమ్మ బండి వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇన్నాళ్లూ తనకు తోచలేదు గానీ, ఇంటి కోడలు తాకితేనే ఇంత అయినప్పుడు ఎక్కేవాళ్ల సంగతేమిటని అడిగింది. "బైటున్నోళ్లు ఎవ్వరు ఎక్కొద్దు. మీ మంచికే చెప్తున్న."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఇద్దరు వెనక్కు జరిగారు. ఒకామె చీర చెంగుతో ముఖం కప్పుకుంది. ఇంకొకామె నవనీత. పెళ్లయి ఏడాది కూడా కాని పిల్ల. ఆ రోజు కూలి పోయినట్టే, రేపటిదీ ఎల్లుండిదీ కూడా. అంతకంటే, ఇంత మందిలో, మగవాళ్ల ముందు, ఇదిగో నేను అని పక్కకు నిలబడాల్సి వచ్చింది. నవనీత సద్ది డబ్బా కొంగు కింద దాచుకుని నిరోష వంక ఒకసారి చూసి కళ్లు తిప్పుకుంది.

ఆ చూపు తగిలిన చోట నిరోషకు తెలిసొచ్చింది. తను మొక్కింది ఒక కొబ్బరికాయతో పోలేదు. తను ఒప్పుకున్న అబద్ధం ఇప్పుడు ఈ పిల్ల కూలిని మింగింది, రేపటి నుంచి నెలనెలా అందరిదీ మింగుతుంది. అదీగాక ఈ మిగిలిన వాళ్లందరినీ అదే చక్రం మీద, అదే గట్టు మీదికి పంపుతోంది. బండి కడిగినందుకు పడ్డ సిగ్గు, గోళ్లలో గ్రీజుకు పడ్డ సిగ్గు, క్లచ్ ప్లేటు అన్నందుకు పడ్డ సిగ్గు, ఇన్నేళ్లు మోసినవన్నీ ఈ ఒక్క దాని ముందు ఎంత చిన్నవి! రాఘవేందర్ తాళం తిప్పబోతున్నాడు.

"మాసన్నా, జాకీ పెట్టు" అంది నిరోష.

రాఘవేందర్ లోపలికి పొమ్మన్నాడు. ఆమె పోలేదు. చేతులు కొంగులో చుట్టుకుని అక్కడే నిలబడింది. కాలిపర్ తప్పు కాదు, ఆయిల్ తెచ్చే పైపు చూడమని మాసయ్యతో చెప్పింది. మాసయ్య ఇద్దరి వంకా చూశాడు. నీకెలా తెలుసు చెల్లె అని అడిగాడు, వెటకారంగా కాదు, నిజంగానే. పెబ్బేరు బ్రేకుల మద్దిలేటి బిడ్డను అంది. ఆ మాట అనడం ఆరేళ్లలో అదే మొదటిసారి. మాసయ్య ఇంకేమీ అడగకుండా టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు చక్రం జాకీతో లేపాడు.

ఇప్పుడు బ్రేకు తొక్కడానికి మనిషి కావాలి. రాఘవేందర్ తాళం జేబులో వేసుకుని దూరంగా నిలబడ్డాడు. నిరోష ఆడవాళ్ల వైపు తిరిగి నవనీతను పిలిచి, డ్రైవర్ సీటులో కూర్చోమంది.

"అది బైటున్నది" అంది జమ్ములమ్మ.

"ఎరికే అత్తా. గందుకే పిలిచిన."

నవనీత శంకరమ్మ వంక చూసింది. శంకరమ్మ కట్టు లేని చేత్తో ఎక్కమని సైగ చేసింది. ఆ పిల్ల సద్ది డబ్బా కింద పెట్టి, చెప్పులు విడిచి, గుడి మెట్లు ఎక్కినంత భయంగా ఎక్కి కూర్చుంది. నిరోష చక్రం పక్కన మట్టిలో చతికిలబడి పానా అందుకుంది. తొక్కు అంది. పట్టు. వదులు. అలా నాలుగుసార్లు. మాసయ్య రెండు చేతులా చక్రం తిప్పబోయాడు. నవనీత కాలు తీసేసింది, అయినా చక్రం కదల్లేదు. నిరోష పైన ఇనుప గొట్టం, రబ్బరు పైపు కలిసే చోట మర వదులు చేసింది. ఆయిల్ రెండు చుక్కలు కారింది. పైన ఒత్తిడి పోయినా చక్రం అలాగే బిగుసుకుని ఉంది. ఆ మర బిగించి, కిందికి జరిగి, కాలిపర్ మీద గాలి తీసే నిప్పల్‌కు పానా వేసి పావు చుట్టు తిప్పింది. ఆయిల్ సర్రున ఆమె మోచేతి మీదికి చిమ్మింది. మాసయ్య చేతుల్లో చక్రం గిర్రున తిరిగింది.

చూసేవాళ్లకు అర్థం కాలేదని మాసయ్యే విప్పి చెప్పాడు. తొక్కినప్పుడు ఆయిల్‌ను లోపలికి పోనిచ్చి, కాలు తీశాక వెనక్కు రానివ్వడం లేదు ఈ పైపు, లోపల ఉబ్బిపోయింది. కాలిపర్‌ది ఏ పాపం లేదు. తర్వాత రాఘవేందర్ వైపు తిరిగి, "రెండుసార్లు ఇప్పిన గని పైపు మీద నాకు నజర్ పోలే. తప్పు నాది" అన్నాడు. మగవాడు తప్పు ఒప్పుకుంటే ఎంత తేలికగా ఉంటుందో! ఎవరూ అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టలేదు. పైపు గద్వాలలోనే దొరుకుతుంది, పదింటికల్లా బిగిస్తానని బైకు ఎక్కి వెళ్లిపోయాడు.

నిరోష లేచి శంకరమ్మ ముందుకు వెళ్లి నిలబడింది. కళ్లు నీళ్లతో నిండి ఆమెకు ఏమీ కనిపించలేదు. "పెద్దమ్మా, పది రోజుల కిందనే నేను చూసిన. చక్రం కాలుతుండె. బండి కడిగేటప్పుడు చూసిన, చెప్పలె. ఆరేండ్ల సంది నేనే కడుగుతున్న, బైటున్నా కడిగిన, ఈయన కడగమంటేనే. అది కాదు నా తప్పు. నీ చెయ్యి విరిగింది నా తప్పు."

శంకరమ్మ క్షమించానని అనలేదు. ఆ మాట అంత చౌకగా ఇచ్చే మనిషి కాదు. "చెప్పనందుకు సిగ్గుపడు బిడ్డా, పడాల్సిందే. గంతవరకే పడు" అంది. తర్వాత తన మనుషుల వైపు తిరిగి, ఈ పూట పనికి పోయేది లేదని, సేటుకు తాను ఫోను చేసి చెబుతానని అంది. రేపటి నుంచి బండి ఎక్కాలా వద్దా అన్నది నిరోష చక్రాలు చూసి చెప్పాలి, డ్రైవరు కాదు, అని కూడా అంది. నవనీత సీటు దిగి, చెప్పులు వేసుకుని, వాళ్లతో పాటే నడిచింది. ఈసారి డబ్బా కొంగు కింద లేదు.

అందరూ వెళ్లాక రాఘవేందర్, నలుగురిలో నా పరువు తీశావన్నాడు. నిరోష జవాబు చెప్పడానికి నోరు తెరిచి, అక్కర్లేదని మూసుకుంది. ఆ మూసుకోవడం ఎప్పటిలాంటిది కాదని అతనికీ తెలిసినట్టుంది, తల్లి వంక చూశాడు. జమ్ములమ్మ కొడుకు వంక చూడలేదు. వసారాలో కోడలి చాప మీద, ఎప్పుడూ కూర్చోని చోట కూర్చుని ఉంది. అతను తాళం గోడకు తగిలించి బజారుకు పోయాడు.

నిరోష తొట్టి దగ్గర మోచేతుల దాకా పట్టిన ఆయిల్ కడుక్కుంటోంది. బట్టల సబ్బుకు పోవడం లేదు. అత్త వచ్చి పక్కన నిలబడింది. తిడుతుందేమోనని నిరోష వీపు బిగబట్టుకుంది. జమ్ములమ్మ చెంబుతో నీళ్లు ముంచి కోడలి చేతుల మీద పోసింది. పోస్తూ, వాడే కడగమన్నాడా అని అడిగింది. అవునంది నిరోష. ఇంకో చెంబు పోసింది. నిరోషకు మామ ఫొటోలోనే తెలుసు. ఆమె ఈ ఇంటికి రాకముందే, ఇరవై ఏళ్ల కింద, ట్రాక్టరు కాలువలో బోల్తాపడి పోయాడు. అంతకు మించి ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"మీ మామ ట్రాక్టరు గూడ నేనే కడిగేదాన్ని" అంది జమ్ములమ్మ. చెంబు వంకే చూస్తూ అంది. "మా అత్తకు తెల్వకుండ. ఆయననే కడగమనేటోడు. ఆ పొద్దు నాకు మూడో రోజు. కడిగినంక రెండు గంటలకే కబురొచ్చింది. ఎవ్వరికి చెప్పలె బిడ్డా, ఇయ్యాల్టి దాంక." నీళ్లు అయిపోయినా చెంబు వంచే పట్టుకుంది. ఆమె గొంతు ఎప్పటి గొంతు కాదు, ఏదో బేరం అడుగుతున్నట్టు సన్నగా ఉంది. "దానికి గూడ గిట్లనే బ్రేకు పట్టుకున్నదేమో గద?"

నిరోష నురగ చేతులతోనే అత్త చేతిలోని చెంబు అందుకుంది. ఇరవై ఏళ్ల కింద ఆ చక్రం వేడి ఎవరు చూశారు, ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

"బ్రేకో, గట్టో, నాకు తెల్వదత్తా" అంది. "నువ్వు మాత్రం కాదు."